పాత ఇంటి నంబర్ల పుస్తకం

మా పెదనాన్న పోస్ట్‌మ్యాన్‌గా ఉన్న రోజుల్లో ఉత్తరాలు దాచేసుకున్నాడని మా వీధిలో ఒక మాట ఉంది. ఎవరి డబ్బు ఏ బ్యాంకులో పడి ఉందో ఆయనకు తెలియడానికి అదే కారణమట. అటక మీది ట్రంకు పెట్టె నిండా కవర్లేనట. నెలకొకటి బయటికి తీసి, వెతికి పట్టుకున్నట్టు నటించి, మంచిపేరు కొట్టేస్తాడట. ఆ ట్రంకు పెట్టెలో ఉన్నవి పాత దుప్పట్లు. దులిపేది నేనే.

రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని ఇది. పదేళ్లుగా ఎవరూ ముట్టని డిపాజిట్ల జాబితాను బ్యాంకులు బయట పెడతాయి. అందులో మనిషి పేరు, పాత ఇంటి నంబరు ఉంటాయి. మా వీధుల నంబర్లన్నీ పదకొండేళ్ల కిందట మార్చేశారు. దాంతో ఆ నంబరు ఏ ఇంటిదో బ్యాంకుకు తెలియదు, ఇంట్లోవాళ్లకూ గుర్తులేదు. పెదనాన్నకు తెలుసు. నంబర్లు మార్చిన వారంలోనే ఆయన గడప గడపకూ తిరిగి, పాతదాని పక్కన కొత్తది రాసి పెట్టుకున్నాడు. ఆ పుస్తకానికి ఇప్పుడు అట్ట కూడా లేదు.

జాబితా నేను చదువుతాను. తొమ్మిదిలోనే బడి మానేసినా నా అక్షరం గుండ్రంగా ఉంటుందని దరఖాస్తులూ నాచేతే రాయిస్తాడు. ఆయన కళ్లు మూసుకుని వింటాడు.

"నాలుగు బార్ పదిహేడా? మెట్లెక్కి కుడివైపు. కుక్క ఉండేది. నా పిక్కకు ఇంకా గుర్తే."

పుస్తకం తెరిచి చూస్తే అదే ఇల్లు. అలా ముప్పై ఒక్క ఇళ్లు దొరికాయి.

ముప్పై రెండోది ఇస్త్రీ అత్తది. మా సందు మొదట్లో ఆవిడ కొట్టు. నెలాఖరుకల్లా అడ్వాన్సు పెంచి ఇవ్వకపోతే ఖాళీ చేయమన్నాడు యజమాని. చనిపోయిన ఆవిడ భర్త పేరు జాబితాలో కనపడగానే పెదనాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. అత్త చేతిలో ఇస్త్రీ పెట్టె దించకుండానే విన్నది.

"టీకి చిల్లర కూడా నన్నడిగే మనిషి, నాకు తెలియకుండా డబ్బు దాచాడా?"

"నీకు తెలియకుండా కాబట్టే మిగిలిందమ్మా."

అత్త నవ్వబోయి ఆగింది. "మరి బ్యాంకు కాగితం నాకెందుకు అందలేదు అన్నయ్యా? ఉత్తరాలు తెచ్చేది మీరేగా."

వీధిలో తిరిగే మాట మొదటిసారి ఆయన మొహం మీదే పడింది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "రేపు పదింటికి మరణ పత్రం పట్టుకుని రా" అన్నాడు.

బ్యాంకు ఆఫీసరు పుస్తకాన్ని మర్యాదగానే వెనక్కి జరిపాడు. "ఇది మీరు రాసుకున్నదే కదండీ. మిగతావాళ్లు పాత పన్ను రసీదు తెచ్చారు. అది లేకపోతే ఆ నంబరూ ఈ నంబరూ ఒకే ఇంటివని మున్సిపాలిటీ కాగితం కావాలి."

మున్సిపాలిటీలో పాత రిజిస్టరు దొరకలేదు. ఇంటి మీద ఏదైనా గుర్తుంటే ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి రాసిస్తాడన్నారు. నెలాఖరుకు తొమ్మిది రోజులున్నాయి.

అత్తావాళ్ల ఇంటి గుమ్మం ముందు ముగ్గురం నిలబడ్డాం. గుమ్మం పైన ఒకచోట రంగు అరచేతి మేర ఉబ్బెత్తుగా ఉంది. పెదనాన్న చెవి దగ్గర ఆ మాట చెప్పాను. ఆయన స్టూలెక్కి చాకుతో గీకాడు. నీలం పోయింది, పచ్చ పోయింది, దాని కింద గోధుమరంగు పోయింది. రేకు మీద పాత నంబరు బయటపడింది.

"మన వీధిలో ఎవరూ రేకు పీకలేదు. పీకితే గుమ్మానికి చిల్లులు కనపడతాయని మీదే రంగు కొట్టేశారు" అన్నాడు పెదనాన్న. "బద్ధకం కూడా ఒక్కోసారి కూడు పెడుతుంది."

ఇన్‌స్పెక్టరు మర్నాడు వచ్చి చూసి కాగితం ఇచ్చాడు. బ్యాంకులో ఆఫీసరు పాత ఫైలు తెప్పించాడు. అందులో బ్యాంకు అప్పట్లో అత్త భర్త పేరున పంపితే తిరిగొచ్చిన కవరు ఉంది. అత్త దాన్ని నా చేతిలో పెట్టింది. "చదవమ్మాయ్."

'ఈ నంబరుతో ఇల్లు లేదు' అని రాసి ఉంది. కింద ముద్ర, తేదీ. అందరి ముందూ మాట్లాడే అలవాటు నాకు లేదు, అయినా తేదీ పైకే చదివాను. "ఇది పెదనాన్న రాత కాదు" అని కూడా అన్నాను.

"నా బదులు వచ్చినాయనది" అన్నాడు పెదనాన్న. "ఆయన తప్పేం లేదు. కొత్తమనిషి. ఈ పుస్తకం నా సంచిలో ఇంట్లోనే ఉండిపోయింది. పంపాలని నాకు తట్టలేదు."

"వీధిలో ఆ ముక్క చెప్పొచ్చుగా అన్నయ్యా?"

"చెబితే ఆయన పేరూ చెప్పాలి. ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు."

నెలాఖరుకు రెండు రోజుల ముందు డబ్బు వచ్చింది. కొట్టు నిలిచింది. ట్రంకు పెట్టె సంగతి ఇప్పుడెవరైనా ఎత్తితే, చేతిలోని ఇస్త్రీ పెట్టె చూపించి, "పెట్టె కాలి ఉంది, చూసి మాట్లాడు" అంటుంది ఇస్త్రీ అత్త.

ఆ కవరు మీది తేదీన మా పెదనాన్న కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఆ రెండు నెలలూ క్యారియర్ మోసింది నేనే.