తార్చిన్ ముక్కు, ముసలిమేక పెంటికలు

చాంగ్‌తాంగ్ చలిమైదానాల మేకలకాపరుల్లో తార్చిన్ ముక్కుకున్నంత పేరు ఇంకే ముక్కుకూ లేదు. కనుమకు అవతల చిగురు లేస్తే ఇవతల తనకు తుమ్ము వస్తుందనేవాడు. ఒకసారి టిబెట్‌లో ఎక్కడో మొలిచిన గడ్డి వాసనకు ఉప్పుటీ తాగుతుంటే పొలమారిందట. చెప్పింది అతనే కాబట్టి నమ్మక చస్తామా!

ఆ ఏడు చలికాలపు కొత్తేడాది పండుగ లోసర్ వెళ్ళింది, మంచు పడలేదు. మేకలు ఈనాయి, అప్పుడూ పడలేదు. ఎండ మాత్రం పిలవని చుట్టంలా ముందే వచ్చి కూర్చుంది. శీతాకాలపు బీట్లో ఎండుగడ్డి అడుగంటుతోంది. తల్లిమేకలకు పాలు నిలబడితేనే పిల్లలు బతుకుతాయి. మంద పోతే తార్చిన్, భార్య యాంగ్‌జోమ్ గుడారం మడిచి లేహ్ పట్నంలో కూలికి రాళ్ళు మోసుకోవలసిందే.

ఒక పొద్దున తార్చిన్ కనుమ ఎక్కి చూస్తే అవతలి వాలు పచ్చగా కనిపించింది. ఆ వేళకు కాపరులు పాటించే పద్ధతి ఒకటుంది. మందలోకెల్లా ముసలిమేకను ముందు ఒంటరిగా తోలుకెళ్ళి మేపుతారు. దాని పెంటికలు పచ్చబడి, ఒకదానికొకటి అంటుకుంటేనే కడుపునిండా పచ్చిక దొరికినట్టు. అందాకా గుడారం మేకు పీకరు. యాంగ్‌జోమ్ తండ్రి ఇషే అదే గుర్తుచేశాడు.

“కొండ అబద్ధమాడుతుంది, ముక్కూ ఆడుతుంది. మేక కడుపుకు ఆ విద్య రాదు అల్లుడూ.”

“నువ్వు పెంటికలు ఏరుకుంటూ ఉండు మామా, మేం గడ్డి మేపుకుంటాం” అని తార్చిన్ మేకులు పీకేశాడు. ఇషే తన గుడారంతో అక్కడే ఉండిపోయాడు.

కనుమ దిగి వాలు మీదికి చేరేసరికి అక్కడ మట్టే ఉంది. వంగి చూస్తే సూదిమొనల్లాంటి చిగుళ్ళు, దూరదూరంగా. తడిలేని నేలలో అవి అంతకుమించి లేవలేదు. తల ఎత్తితే ఎదురువాలు పచ్చగా ఉంది. అక్కడికి వెళితే దాని ఎదురుది. మేకలకు పచ్చివాసన తగిలింది, ఇక ఎండుగడ్డి మూతికి ఆనించలేదు. వాలు నుంచి వాలుకు పరుగే పరుగు. పరుగులో కరిగిన ఒళ్ళు ఆ కొరికిన చిగుళ్ళతో తిరిగి రాలేదు. పొదుగులు వేలాడే ఖాళీ సంచులయ్యాయి. యాంగ్‌జోమ్ వేయించిన బార్లీ పిండిని నీళ్ళలో కలిపి మేకపిల్లల నోట్లో వేలితో రాసింది. తమకు తినడానికి దాచుకున్న పిండి అది. అయినా రోజూ కొన్ని పిల్లలు లేవలేదు.

ఆపైన గడ్డకట్టే చలి విరుచుకుపడింది. తెల్లారేసరికి ఉన్న చిగుళ్ళు కూడా కాలిన వెంట్రుకల్లా నల్లబడ్డాయి. అయినా మేకలు వెనక్కి తిరగలేదు. చచ్చిన పచ్చిక వాసన వాటిని ఇంకా పిలుస్తూనే ఉంది. తార్చిన్ కొమ్ములు పట్టి లాగాడు, కాళ్ళు పట్టి ఈడ్చాడు. చివరికి పొయ్యి మసిని వెన్నలో కలిపి మేకల ముక్కులకు పులమడం మొదలుపెట్టాడు, వాసన తెగుతుందని.

యాంగ్‌జోమ్ ఆ గిన్నె లాక్కుని అతని ముందు పెట్టింది. “ముందు నీ ముక్కుకు పూసుకో.”

అతను వేలు ముంచి పూసుకున్నాడు.

మసి పూసిన మేకల్లో నడవగలిగినవి కనుమ వైపు వెనక్కి నడిచాయి. వెనక పడిపోయినవాటిని ఇద్దరూ తిరిగి చూడలేదు. చూస్తే ఆగుతారు, ఆగితే నడిచేవీ పడతాయి. కనుమ మీద ముసలిమేక కూలబడింది. తార్చిన్ దాన్ని వీపున వేసుకున్నాడు. దిగువన ఇషే గుడారం పొగ కనబడింది. అక్కడ మిగిలిన ఎండుగడ్డి ఎన్నాళ్ళకు వస్తుందో.

వీపు మీద మేక కదిలింది. కోటు మీదుగా పెంటికలు జారాయి. తార్చిన్ మోకాళ్ళ మీద కూర్చుని ఒకటి తీసి గోటితో చిదిమాడు.

“ఎలా ఉంది?” అంది యాంగ్‌జోమ్.

గాలికి అది పొడిపొడిగా, నల్లగా ఎగిరిపోయింది. అతను ఇంకొకటి తీశాడు.