విమానం చక్రం కింది దిమ్మ

మా వీధి గది తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక చెక్క దిమ్మ అడ్డం పెడతాను. ముక్కోణంగా కోసిన బరువైన దిమ్మ. ఒకప్పుడు పసుపు రంగు వేసిన ఆనవాళ్ళున్నాయి, తాడు దూర్చడానికి మధ్యలో ఒక బెజ్జం ఉంది. ముసురు పట్టిన రోజుల్లో దాన్నుంచి కిరసనాయిలూ పాత గ్రీజూ కలిసిన వాసన వస్తుంది. వచ్చినవాళ్ళు ఇదేంటని అడిగితే విమానం చక్రం కింద పెట్టేదని చెప్తాను. నమ్మరు. నమ్మకపోతే నాకొచ్చిన నష్టమేం లేదు, నందిగామలో మా తాతయ్య కూడా మొదట ఆ విమానాల సంగతి నమ్మలేదు.

అరవైల మొదటి సంవత్సరాలవి. మా నాన్న జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు నడిపేవాడు. పొద్దున్నే సున్నపురాయి గనులకి పోయే లారీల దుమ్ము, మధ్యాహ్నం గనుల్లో మందు పేల్చిన చప్పుడు, సాయంత్రమయ్యేసరికి పక్కన శెట్టిగారి కొట్టు ముందు వేరుశనక్కాయలు వేయించే వాసన, ఇవీ మా వీధి గుర్తులు. అయినా చిన్నతనమంటే నాకు నందిగామే కళ్ళకి కడుతుంది, ఎందుకంటే రెండ్రోజులు సెలవు దొరికితే చాలు అమ్మ నన్నూ తమ్ముణ్ణీ బస్సెక్కించి పుట్టింటికి లాక్కుపోయేది. చలికాలం చివర్న వెళ్తే రేగుపళ్ళు, ఎండలు ముదిరాక వెళ్తే తాటిముంజలు, ఎప్పుడు వెళ్ళినా అమ్మమ్మ వేయించిన చల్ల మిరపకాయలతో మజ్జిగన్నం. ఆడపిల్లలం అరుగుమీద గచ్చకాయలాడుతుంటే మా పిన్ని కూడా వచ్చి కూర్చునేది, పెళ్ళీడు పిల్ల అయ్యుండి కూడా మాతో సమానంగా తొండి చేసేది.

తాతయ్యకి ఊరి చివర మెట్ట మీద మిరప చేలుండేవి. కల్లంలో కాయ ఎండబెట్టే రోజుల్లో అటు వెళ్తే చాలు, ముక్కులో ఘాటు, ఆగని తుమ్ములు. రంగు చెడి తెల్లబడిన తాలు కాయలు ఏరే పని మాది. ఏరామని చెప్తే తాతయ్య ఊరుకునేవాడు కాదు, ఏరినవీ మిగిలినవీ రెండు కుప్పలూ చేత్తో కెలికి చూసేవాడు. నోటిమాటంటే ఆయనకి గిట్టదు. పాలేరయినా కూతురయినా బ్యాంకీ మేనేజరయినా ఒకటే మాట, "చెప్పమాక, చూపించు." అమ్మమ్మ మాత్రం ఆ మాట వినీ వినీ విసిగిపోయి, కూరలో ఉప్పేశావా అని ఆయన అడిగితే గరిట తెచ్చి ముఖం ముందు పెట్టేది.

అలాంటి మనిషి దగ్గరికి పిన్నికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిది చెవిటికల్లు, పేరు వెంకటరత్నం. కృష్ణలో ఈతలు కొట్టి పెరిగినవాడు, బడి అవగానే నేవీలో చేరాడు. నేవీ వరకు బాగానే ఉంది. పని ఏంటంటే విమానాల దగ్గరన్నారు. నేవీ అంటే ఓడలుగా, విమానాలైతే ఎయిర్‌ఫోర్సుగా, ఈ రెండూ కలవడమేంటని తాతయ్యకి అనుమానం తగిలింది. జగ్గయ్యపేట శెట్టిగార్ని అడిగితే ఆయన కూడా మాటకి పొంతన కుదర్లేదండీ అన్నాడు. పిన్ని మాత్రం ఎవరి పెళ్ళిలోనో అతన్ని చూసింది. చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానని వంటింట్లో అమ్మతో అంది. ఆ మాట నేను విన్నాను. తాతయ్య కాదంటే ఎదురు చెప్పే పిల్ల కాదు, అలాగని ఇంకొకరికి మనసారా తలూపే పిల్లా కాదు. అందుకే అమ్మకి బెంగ పట్టుకుంది.

సెలవు మీద వచ్చినప్పుడు అబ్బాయినే పిలిపించారు. సన్నగా, నల్లగా, చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి, అడిగినదానికే జవాబు చెప్పే మనిషి. తాతయ్య మాట కుశలం దాటకముందే, "చూపించు" అన్నాడు. అతను అటూ ఇటూ చూసి అమ్మమ్మ అప్పడాల పీట అడిగి తెచ్చుకున్నాడు, అది ఓడ. పక్కన పరిచిన చాప కొచ్చిలో నేల. గుప్పెడు ఎండుమిరపకాయలు విమానాలు. పీటకి అడ్డంగా ఒక దారం బిగించి, మిరపకాయని గాల్లోంచి దింపి, దాని వంకర తొడిమ దారానికి తగిలించి ఆపాడు. విమానం తోకకి కొక్కెం ఉంటుందనీ, ఓడ మీద చోటు చాలదు కనక ఇలా తీగకి తగులుకుని ఆగాలనీ చెప్పాడు. మేం పిల్లలం నోళ్ళు తెరుచుకు చూశాం. మంచి కాయలు నేలపాలు చేస్తున్నాడని అమ్మమ్మ లోపల్నించి గొణిగింది.

ఆ మధ్యాహ్నం అతను చెప్పినదంతా నాకు తర్వాత పిన్ని నోట ఎన్నోసార్లు విన్నందువల్ల బాగా గుర్తుంది. మొదట్లో కొచ్చిలో ఒక చిన్న విమానాల స్టేషను, నేలమీదా నీళ్ళమీదా దిగగలిగిన కొద్దిపాటి విమానాలు, అంతే ఉండేవట. విమానం ఒకటి పొడుగాటి గుడ్డ గొట్టాన్ని తాడుకి కట్టి ఆకాశంలో లాక్కుపోతుంటే ఓడల మీద ఫిరంగులవాళ్ళు దానికి గురిచూసి కాల్చడం నేర్చుకునేవారట. మనవాళ్ళ విమానం వెనక మనవాళ్ళే కాల్చడమేంటని తాతయ్య ముఖం చిట్లించాడు. నేర్పే దొరలు ఇంగ్లండు నుంచి వచ్చారు, మనవాళ్ళూ కొందరు అక్కడికెళ్ళి నేర్చుకొచ్చారు. ఆ తర్వాత అక్కడ సగం కట్టి ఆపేసిన పెద్ద ఓడని కొని, పూర్తి చేయించి తెచ్చుకున్నారు. జెట్ విమానాలకి కోయంబత్తూరు దగ్గర ఎయిర్‌ఫోర్సువాళ్ళ మైదానంలో చోటడిగి సర్దుకున్నారు. గోవా మనదయింది కనక ఇక అక్కడికి మారబోతున్నారు. ఒకే రకం విమానాలు కొన్ని కలిస్తే ఒక స్క్వాడ్రన్, దానికో అధికారి. ఇంజన్లు చూసేవాళ్ళు వేరు, మందుగుండు ఎక్కించేవాళ్ళు వేరు, విమానాల్ని ఓడ మీద కదిలించేవాళ్ళు వేరు. ఏ పనివాళ్ళకి ఆ రంగు బనీను.

తాతయ్య అంతా విని, తనకి కావలసింది అడిగాడు.

"ఇంతకీ మీ పెద్ద ఎవరయ్యా?"

"నేల మీదుంటే స్టేషన్ కమాండరండి. ఓడెక్కితే ఓడ కెప్టెనండి."

"మరి ఆ స్క్వాడ్రన్ ఆయన?"

"ఆయన రెండుచోట్లా మాతోనే ఉంటారండి. ఆయన పైన వాళ్ళు మారతారంతే."

"ఢిల్లీలో?"

"అక్కడ నేవీ ఆఫీసులో మా విమానాల సంగతి చూసే విభాగం ఒకటుందండి."

తాతయ్య పీట మీది మిరపకాయని చాప మీదికి, చాప మీది కాయని పీట మీదికి మార్చి చూసి, తల అడ్డంగా ఊపాడు. అది చాదస్తం కాదు. ఆయన మేనకోడలి భర్త మిలటరీలో ఉండి ఎక్కడో ఉత్తరాదిన జబ్బుపడితే, ఆ ఆఫీసుని అడగండంటే ఈ ఆఫీసుని అడగండని తిప్పారట. కబురు తెలిసేసరికి అంతా అయిపోయింది. ఆ మేనకోడలు తిరిగొచ్చి ఈ ఇంటి అరుగుమీదే కూలబడింది. ఆ రోజు ఆయన మర్చిపోలేదు. "నా పిల్లకి కష్టమొస్తే నేనెవరి గుమ్మం ముందు నిలబడాలో చెప్పలేకపోతున్నావు. ఏమీ అనుకోమాక అబ్బాయ్" అన్నాడు. పిన్ని వంటింట్లో గిన్నెలు తోమడం ఆపేసింది. అతను అనుకునేదేం లేదండీ అని లేచి, కాయలన్నీ ఏరి, పీట తుడిచి అమ్మమ్మకిచ్చాడు.

ఆ సాయంత్రమే కల్లం నుంచి మిరప బస్తాలతో లారీ బెజవాడ మీదుగా గుంటూరు పోతోంది. దారిలో కంచికచర్లలో దిగిపొమ్మని తాతయ్య అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. అమ్మతోపాటు నేనూ తమ్ముడూ వచ్చాం. లారీ వాలులో నిలబెట్టి ఉంది. చక్రాల కింద రాళ్ళు పెట్టారు. బావి దగ్గర ఆయిలింజను మోతకి ఎవరి మాటా ఎవరికీ వినపడ్డం లేదు. డ్రైవరు లారీ స్టార్టు చేశాడు. క్లీనరు అవతల పక్కనుంచి "తీసేసా, పోనీ పోనీ" అని అరిచాడు. అప్పటికి ముందు సీటు ఎక్కబోతున్న వెంకటరత్నం కాలు కిందికి దించాడు. లారీ ముందుకొచ్చి, రెండు పిడికిళ్ళూ తలపైన అడ్డంగా కలిపి పట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడ్డ తీరుకి డ్రైవరు ఆగిపోయాడు. అతను వంగి వెనకవైపు వెళ్ళి, బస్తా చిరుగులోంచి రాలిన కాయలేరుతూ వెనక చక్రం ముందు గొంతుక్కూర్చున్న మా తమ్ముణ్ణి చంకకెత్తి తెచ్చి అమ్మకిచ్చాడు. మళ్ళీ వెళ్ళి, క్లీనరు తీసేశానన్నా ఇవతలి పక్క ఇంకా ఉన్న రాళ్ళు రెండూ చక్రాల కిందనుంచి లాగి, చెరో చేత్తో పట్టుకుని, లారీ ముందు నిలబడి డ్రైవరుకి కనపడేలా పైకెత్తాడు.

"అవి నాకెందుకండీ?" అన్నాడు డ్రైవరు.

తాతయ్య ఆయిలింజను ఆపించి, అతని దగ్గరికొచ్చి అదేంటని అడిగాడు.

"ఓడ మీద అంతేనండి. విమానం చక్రాల కింద దిమ్మలుంటాయి. తీసామని చెప్తే ఆ మోతలో వినపడదు. వినపడినా ఒప్పుకోరు. దిమ్మలు రెండూ చేతుల్లో పట్టుకుని పైలెట్‌కి చూపించాలి. అవి చూసాకే కదుల్తాడు."

"ఆ చూపించేది ఎవరు?"

"నేనేనండి. నా పని అదే."

తాతయ్య ఆ రాళ్ళు రెండూ తన చేతుల్లోకి తీసుకుని చూశాడు. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుంటూ, అమ్మమ్మకి చెప్తున్నట్టు, లోపలున్న పిన్నికి వినపడేలా అన్నాడు: "ఆ కొలువులో పెద్దెవరో నాకిప్పటికీ అంతుబట్టలేదు. చూపించేవాడైతే ఉన్నాడు. ముహూర్తం పెట్టించండి." పిన్ని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడ్డం అదే మొదలు, సంతోషానికి కూడా ఏడుస్తారని నాకప్పుడే తెలిసింది.

పెళ్ళయి పిన్ని కొచ్చికి బయల్దేరిన రోజు తాతయ్య నందిగామలో బస్సు ముందు నిలబడి, ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. ఏ అడ్డూ లేదు, వెళ్ళిరండని. బాబాయి కిటికీలోంచి సెల్యూట్ కొట్టాడు. అప్పట్నించి మా ఇంట్లో ఎవరు ఊరెళ్తున్నా పెద్దవాళ్ళు చేతులెత్తి చూపించడం అలవాటయింది. పిన్ని కొచ్చిలో, గోవాలో క్వార్టర్లలో కాపురం చేసింది. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ విభాగం ఎంత పెరిగిందో, ఏ స్క్వాడ్రన్ ఏ స్టేషన్‌కి మారిందో బాబాయికన్నా వివరంగా చెప్పేది. తాతయ్య ఆఖరిదాకా "మరి పెద్దెవరే?" అని అడుగుతూనే ఉన్నాడు. జెట్ ఇంజన్ల మోతకి బాబాయి చెవులు పోయాయి. పిన్ని ఆ ఓడ సైగలన్నీ నేర్చుకుని, అన్నానికి రమ్మనడం దగ్గర్నుంచి పోట్లాడ్డం దాకా చేతులతోనే నడిపేది.

పోయిన ఏడాది బెజవాడ ఆస్పత్రిలో పిన్నికి ఒకటే దిగులు. "నేను పోతే ఈయనతో ఎవరు మాట్లాడతారే" అని నాతో అంటూనే ఉంది. బాబాయికి వినపడలేదు, కానీ అర్థమైంది. మంచం కాళ్ళవైపుకి వెళ్ళి, నిటారుగా నిలబడి, ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. పిన్ని చాలాసేపు ఆ చేతులకేసి చూసింది. ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయింది.

ఆ ఓడని ఎప్పుడో తుక్కు కింద కోసేశారు. మా కల్లం ఉన్నచోట ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు. నందిగామ ఇంట్లో ఆ అప్పడాల పీట ఏమైందో ఎవరికీ తెలీదు. దినాలయ్యాక బాబాయి పెట్టె తెరిచి, రిటైరయినప్పుడు తోటివాళ్ళు జ్ఞాపకంగా ఇచ్చిన రెండు దిమ్మల్లో ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. జత విడదీయడమెందుకని నేను రెండు వేళ్ళు చూపించాను. ఆయన పెట్టె మూస్తూ అన్నాడు, చెవులు వినపడనివాళ్ళు మాట్లాడినట్టు కాస్త గట్టిగానే.

"మీ పిన్నిది తీసేసాంగా అమ్మా. రెండోది ఇంకా నా చక్రం కిందే ఉంది."