గట్టు మీద కందులు

నా చిన్నప్పుడు మా నాన్న పార పడితే చూసి తెగ మురిసిపోయేదాన్ని. నాట్లకు ముందు మడి దున్ని దమ్ము చేసే వేళ ఊళ్లో అందరూ చేసే పనే ఆయనా చేసేవాడు, గట్టు చెక్కడం. గడ్డి గీకుతున్నట్టే కనిపిస్తుంది గానీ, గడ్డితో పాటు బెత్తెడు గట్టు కూడా మన మడిలో కలిసిపోతుంది. ఏడాదికి బెత్తెడే కదా, దాన్ని దొంగతనమని ఎవరంటారు!

మా పైమడి పక్కింటి అత్తది. మొగుడు పోయాక ఆమెకూ ఇద్దరు పిల్లలకూ ఆ మడే ఆధారం. ఒక ఏడు నాట్లు వేసిన వారానికే వాన దంచి కొట్టింది. చిక్కిపోయి ఉన్న గట్టు తెగి, ఆమె నాట్లూ, దమ్ము చేసిన మెత్తటి మట్టీ జారి మా మడిలో పడ్డాయి. మా నాట్లు నాలుగు రోజుల్లో తేరుకున్నాయి. ఆ మట్టి తిని ఆ ఏడు మా పంట విరగపండింది. ఊరంతా నాన్నను మెచ్చుకుంటుంటే నేనూ పొంగిపోయాను. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అత్త తగువుకు రాలేదు. మరుసటి ఏడు తొలకరికి ఒక్కతే గట్టు వేసుకుని, నన్ను పిలిచి దోసిట్లో కందిగింజలు పోసింది.

"ఒసే గుంటా, గట్టు పొడుగునా పాతీ. కాయలన్నీ నీవే."

నాన్న పారతో వచ్చేసరికి మొక్కలు జానెడు లేచాయి. "నా కందులు నాన్నా!" అంటూ అడ్డం నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు. పైమడిలో వంగి ఉన్న అత్తను చూశాడు. ఆమె తల ఎత్తలేదు. పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు ఎంత వాన కురిసినా గట్టు తెగలేదు.

గట్టు నిలిచింది గానీ పోయిన మట్టి తిరిగి రాదు కదా! అత్త మడిలో గులకరాళ్లు తేలాయి, వరి గిడసబారిపోయింది. కంది ఎండకముందే పిల్లల్ని తీసుకుని, ఇటుకబట్టీల పనికని ఆమదాలవలసలో రైలెక్కేసింది. మళ్లీ రాలేదు. ఒడినిండా కాయలతో, తాళం వేసిన అత్త తలుపు ముందు కూర్చుని ఏడ్చాను.

అమ్మ ఆ పప్పు వండిన రోజు నాన్న ముద్ద ముట్టలేదు. "గట్టు వాన తెంపలేదే, నానే తెంపినాను" అన్నాడు అమ్మతో.

చేతులు మారి మారి అత్త మడి చివరికి మాకే వచ్చింది. మొన్నామధ్య వ్యవసాయాఫీసరు ఫోనులో గట్టు ఫొటో తీసుకుంటూ, ఏటా దీని మీద కంది ఎందుకు వేస్తున్నావమ్మా అని అడిగాడు. పప్పుకే బాబూ అన్నాను. ఇంకేం చెప్పను?

నిరుడు కోతలప్పుడు మా అబ్బాయి, "రెండు మడులూ మనవే కదమ్మా, గట్టు తీసేత్తే మిషను తిన్నగా తిరుగుతాది" అన్నాడు. నేను వెళ్లి గట్టు మీద అడ్డం నిలబడ్డాను.

"నా కందులున్నాయిరా" అన్నాను.

వాడు గట్టు జోలికి రాలేదు. ఆ కందులు ఏనాడూ నావి కావని వాడికి చెప్పలేకపోయాను.