జవాబు ఆపుకోలేని బావ

మా బావ బస్టాండులో విచారణ కౌంటర్లో కూర్చుంటాడు. ఎవరేం అన్నా బదులివ్వకుండా ఉండలేడు. టీవీలో వార్తలు చదివే ఆవిడ నమస్కారం పెడితే, తినే చెయ్యి ఆపి మరీ "నమస్కారమమ్మా" అంటాడు. ఈ మర్యాదే ఆస్పత్రిలో మా పరువు తీస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఎడమవైపు తిరిగి పడుకుంటే ఛాతీలో పోటని బావ ఈమధ్యే బయటపెడితే ఎకో తీయించాం. గుండె బాగా ఎడమకి వాలి ఉంది. మనిషి పక్కకి ఒత్తిగిలితే అదీ ఊగుతోంది.

"గుండె చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. మీకది పుట్టుకతోనే లేనట్టుంది," అన్నారు డాక్టరుగారు. "ఎడమపక్క మొత్తం లేకపోతే పెద్దగా భయం లేదు. కొంత ఉండి, మధ్యలో కన్నం ఉంటేనే చిక్కు. గుండె అందులో ఇరుక్కోవచ్చు, ఆపరేషన్ చెయ్యాలి. ఏదన్నదీ ఎమ్మారైలో తేలుతుంది."

అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. బావ మాత్రం "అలాగేనండి" అన్నాడు.

బావని మిషన్లోకి పంపి, అద్దానికి ఇవతల నుంచి టెక్నీషియనమ్మాయి మైకులో "ఊపిరి బిగపట్టండి" అంది.

"బిగపట్టానండి."

తెర మీద గుండె బొమ్మ చెదిరింది.

"మాట్లాడకూడదు సార్!"

"మాట్లాడనండి."

మళ్లీ చెదిరింది.

"జవాబు చెప్పొద్దు మహానుభావా!"

"అర్థమైందమ్మా, మీరు కానివ్వండి."

ఆ పిల్ల తల పట్టుకుని నావైపు తిరిగింది. "ఈయన ఇంట్లో ఎప్పుడైనా నోరు మూస్తారా అండీ?"

"మా అక్క తిట్టేటప్పుడు."

అక్కని పిలిచి మైకు ముందు కూర్చోబెట్టింది.

"ఊపిరి బిగపట్టండి!" అని అక్క అందుకుంది. "ఊరందరికీ దారి చెప్తారు, నొప్పని నాకు చెప్పడానికి ఏమొచ్చింది? ఏడాదిగా నాకేసి వీపు పెట్టి పడుకుంటుంటే నామీద అలకేమో అనుకుని కుమిలిపోయాను!"

లోపల చడీచప్పుడు లేదు. టెక్నీషియనమ్మాయి తెరలోకి తల దూర్చేసి, "ఇక ఊపిరి తీసుకోమనండమ్మా" అంది.

"తీసుకోండి!" అని కసిరింది అక్క.

అలా తిట్టుకొక బొమ్మ చొప్పున అన్నీ వచ్చాయి.

డాక్టరుగారు చూసి, "ఎడమపక్క పొర మచ్చుకైనా లేదు. ఆపరేషన్ అక్కర్లేదు," అన్నారు. అక్క కళ్లు తుడుచుకుంది. అప్పుడు నోరు విప్పాడు బావ.

"అలక కాదే, నొప్పే."

"మరి చెప్పరేం?"

"నువ్వు అడగలేదుగా."

అక్క చూపు చూసి, డాక్టరుగారే కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.