బయమ్మ పెట్టని సంతకం

కంబదూరు మండలంలో ఏ ఊరికి పోయి బయమ్మ పేరు చెప్పినా "ఏ బయమ్మ?" అంటారు. చీనీచెట్ల బయమ్మ అంటే మాత్రం చెయ్యెత్తి దారి చూపిస్తారు. ఆ చెట్లు ఇప్పుడు లేవు. లేని చెట్లకు ఇంత పేరు రావడం పార్టీ పుణ్యమే.

బయమ్మ, ఆమె మొగుడు పుల్లన్న శనక్కాయ వేసి వేసి విసిగిపోయిన మనుషులు. వాన పడితే విత్తనం మొలిచేది, ఊడ దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసేది. బోరు మీద బోరు వేయించగా చివరికొక దాంట్లో నీళ్లు పడ్డాయి. ఆ ధైర్యంతో నాలుగెకరాల్లో చీనీ, అంటే బత్తాయి, మొక్కలు పెట్టారు. ఎండాకాలం బోరు వట్టిపోతే ట్యాంకర్లతో నీళ్లు తోలి, ఒక్కో మొక్కకూ చెంబుతో పోసి బతికించారు. తోట మొదటి కాపుకు వచ్చిన ఏడాదే ఎన్నికలొచ్చాయి. పుల్లన్న తమ పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. కూర్చోవద్దని అవతలి పార్టీ నాయకుడు రాఘవేంద్ర కబురు పంపినా వినలేదు. ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్నే బయమ్మ తోటకు పోతే ఒక్క చెట్టు కూడా నిలబడి లేదు. గోలీలంత కాయలతో కొమ్మలన్నీ నేల మీద పడి ఉన్నాయి. కొట్టించింది రాఘవేంద్ర అని ఊరందరికీ తెలుసు. చెప్పడానికి ఎవరూ రాలేదు కాబట్టి కేసు నిలవలేదు.

పార్టీ ఆమెకు తిరిగి ఒక్క మొక్క కొనివ్వలేదు. మైకు మాత్రం ఇచ్చింది.

అప్పటి నుంచి ప్రతి ఎన్నికల్లోనూ ఆమెను వేదిక ఎక్కించారు. చెట్ల కథ చెప్పించారు. "అమ్మా, కన్నీళ్లొచ్చేటప్పుడు మైకు కొంచెం దగ్గరికి పెట్టుకో" అని ఒకాయన నేర్పించాడు కూడా. బయమ్మకు ఒళ్లు మండింది. అయినా పోయింది. జరిగింది నలుగురికీ తెలియాలి, తెలిసేచోట చెప్పాలి అనుకుంది. కార్యకర్తల త్యాగాలే పార్టీకి పునాది అని ఆ వేదికల మీద దండలేసుకున్నవాళ్లు చెప్పేవాళ్లు. ఆ పునాది కింద ఉన్నది తన తోట అని ఆమెకు తెలుసు.

ఈసారి ఎన్నికలకు ముందు ఒక ఫోనొచ్చింది. మనిషి కాదు, మిషను. మీ నియోజకవర్గానికి మన పార్టీ అభ్యర్థిగా ఎవరు కావాలి, హనుమంతప్ప అయితే ఒకటి నొక్కండి, అనంతపురం డాక్టరు అయితే రెండు నొక్కండి అంది. హనుమంతప్ప మండల పార్టీ అధ్యక్షుడు, వాళ్ల పక్క ఊరివాడే. బయమ్మ ఒకటి నొక్కింది. పుల్లన్న ఫోన్లోనూ తనే ఒకటి నొక్కింది. టికెట్టు ఎవరికివ్వాలో మా పార్టీ మమ్మల్నే అడిగింది చూడమని కోడలు హేమకు గొప్పగా చెప్పుకుంది కూడా.

టికెట్టు రాఘవేంద్రకు వచ్చింది.

అంతకు మూడ్రోజుల ముందే కండువా మార్చుకున్నాడు. మిషను చదివిన రెండు పేర్లలో అతని పేరే లేదు. గెలుపు గుర్రమట. ఆ గుర్రానికి పళ్లు పట్టి చూసిందెవరు, బేరం కుదిర్చిందెవరు, ఏ హోటల్లో? అడిగితే అధిష్ఠానం అంటారు. అధిష్ఠానానికి ఊరూ పేరూ ఉండవు, వాకిట్లో నిలబడి తిట్టడానికి తలుపైనా ఉండదు. ఓటరే దేవుడని ఉపన్యాసాలు దంచేవాళ్లు ఆ దేవుణ్ణి వంటింట్లోకి రానివ్వరు. వంటంతా అయినాక, ఒకే పొయ్యి మీద వండిన రెండు కూరలు ముందు పెట్టి, ఏది కావాలో నీ ఇష్టం స్వామీ అంటారు. దానికి పండగ అని పేరు పెట్టి, తప్పకుండా ఓటేయమని మనకే బుద్ధులు చెప్తారు.

రెండో కూర సంగతీ చెప్పుకోవాలి. రాఘవేంద్ర ఇటు వచ్చేయడంతో ఖాళీ అయిన చోట అవతలి పార్టీ జయరాముణ్ణి నిలబెట్టింది. నెల కిందటి దాకా రాఘవేంద్ర కారు తలుపు తీసి నిలబడిన మనిషి ఈ జయరాముడే.

నామినేషన్ దగ్గర పడినాక హనుమంతప్ప బయమ్మ ఇంటికొచ్చాడు. పుల్లన్న మంచం వాల్చాడు. బయమ్మ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"నీ పేరు మీద నొక్కితినప్పా. నువ్వేమో ఆ రాఘవేంద్ర పేరు మోసుకోని వచ్చినావు."

"ఏం జేస్తామక్కా, పైవాళ్ల నిర్ణయం. నాకు మార్కెట్ యార్డు చైర్మన్ ఇస్తామన్నారు. సర్దుకోవాల."

"నీకు యార్డిచ్చినారు, సర్దుకుంటివి. మాకేమిచ్చినారని సర్దుకోవాల?"

హనుమంతప్ప నవ్వి, వచ్చిన పని బయటపెట్టాడు. నామినేషన్ పత్రంలో అభ్యర్థిని ప్రతిపాదిస్తూ ఒక ఓటరు సంతకం ఉండాలి. రాఘవేంద్రను ప్రతిపాదించే ఆ సంతకం బయమ్మ పెట్టాలి.

"మామ సంతకం పనికిరాదా? అత్తదే కావాల్నా?" అంది హేమ లోపలి నుంచి.

"చీనీచెట్ల బయమ్మే సంతకం పెట్టిందంటే మండలంలో ఇంకొకడు నోరు తెరస్తాడా పాపా?" అన్నాడు హనుమంతప్ప. ఎన్నికలు మొదలైనప్పటి నుంచి అతని నోట వచ్చిన ఒకే ఒక్క నిజం అది.

"పెడుతుందిలేప్పా" అన్నాడు పుల్లన్న.

"నువ్వుండు" అంది బయమ్మ. హనుమంతప్ప వైపు తిరిగింది. "వస్తా. ఆయప్ప నా మొగం చూసి, చెట్లు నేనే కొట్టిచ్చినా, తప్పయిందీ అని అందరి ముందర చెప్పాల. చెప్తే పెడతా. చెప్పకపోతే పెట్టను. ఈ మాట ఆయప్పకు చేరేయి."

"అంతే గదా, నేను చెప్తాలేక్కా" అని హనుమంతప్ప లేచాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటేనే ఆమెకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ ఒక్క మాట వింటే చాలనే ఆశ ఆమెకు అంతగా ఉంది.

మర్నాడు జయరాముడే వచ్చాడు, రెండు చేతులూ జోడించుకుని.

"పెద్దమ్మా, నీకు జరిగిన అన్యాయం మా వేదిక మీదికొచ్చి చెప్పల్ల. జనం ఏడ్చాల."

"కొట్టిచ్చిన పార్టీ వేదిక మీదనా?"

"కొట్టిచ్చింది ఆ మనిషి పెద్దమ్మా. మా పార్టీకి ఏం సంబంధం?"

"ఆ పొద్దు నువ్వు ఆయప్ప జీపులో ముందర సీట్లో కూచోనుంటివి గదప్పా."

"జీపులో ఉంటిని గానీ పెద్దమ్మా, నా మనసు దాంట్లో లేదు."

హేమకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. బయమ్మ మాత్రం నవ్వలేదు. "నీ మనసు యాడుండెనో ఎదుక్కోని రాపో, అప్పుడు మాట్లాడుదాం" అని పంపేసింది.

నామినేషన్ రోజు కారు పంపించారు. పట్నంలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నారు. బయట డప్పులు, టపాకాయలు, మండలమండలం నుంచీ ట్రాక్టర్లలో తోలుకొచ్చిన జనం. లోపల ఒక బల్ల, దాని మీద నామినేషన్ కాగితాలు, చుట్టూ కెమెరాలు. రాహుకాలం వచ్చేలోపు సంతకాలయిపోయి బయల్దేరాలని పురోహితుడు తొందర పెడుతున్నాడు. బయమ్మను నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పెన్ను ఇచ్చారు. రాఘవేంద్ర వచ్చి, కెమెరాల వైపు మొహం ఉండేట్టు వంగి కాళ్లకు మొక్కాడు.

"ఆశీర్వదించు పెద్దమ్మా."

"సంతకానికి ముందర నీ నోట్లోనుంచి ఒక మాట రావాల. హనుమంతప్ప చెప్పలేదా?"

రాఘవేంద్ర హనుమంతప్ప వైపు చూశాడు. హనుమంతప్ప తిరిగే ఫ్యానును చూస్తున్నాడు. ఆమె మాట అతనికి చేరవేయనే లేదు.

"చెట్లు కొట్టిచ్చింది నువ్వే గదప్పా. అవునను. తప్పయిందను. పెడతా."

రాఘవేంద్ర నవ్వు చెదరలేదు. ఇలాంటివి ఎన్ని చూశాడో.

"నేనెందుకు కొట్టిస్తా పెద్దమ్మా? అప్పుడు నేనున్న పార్టీ అట్లాంటిది. వాళ్ల పద్ధతే అది. నచ్చకనే గదా బయటికొచ్చినా?"

చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు.

పార్టీ కాదు, ఆ మనిషి అన్నాడు జయరాముడు. మనిషి కాదు, ఆ పార్టీ అంటున్నాడు వీడు. ఇన్నేళ్లూ వేదికల మీద బయమ్మ ఏడ్చిన ఏడుపు ఎవరి మీద మరి?

"అయితే నా చెట్లు వాటికవే పండుకున్యాయా?" అంది.

పెన్ను బల్ల మీద పడేసి లేచింది.

"మే, కూచోవే, అందరూ చూస్తాండారు" అని పుల్లన్న చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకుంది.

"రాహుకాలం వచ్చేస్తాంది స్వామీ" అన్నాడు పురోహితుడు. హనుమంతప్ప ఫ్యాను మీదినుంచి చూపు దించి, పక్కన సిద్ధంగా పెట్టుకున్న ఇంకో సెట్టు కాగితాలు తీసి తనే సంతకం పెట్టాడు. దండ పడింది, డప్పు మోగింది, ఊరేగింపు కదిలింది. ఆమె కాదన్నందుకు వాళ్లకు పోయిందేమీ లేదు. అది ఆమెకూ అర్థమైంది. అర్థమైన కొద్దీ కోపం ఎక్కువైంది.

బయట చానళ్లవాళ్లు చుట్టుముట్టారు. బయమ్మ అంతా ఒక్క గుక్కలో చెప్పింది. "నా చెట్లు కొట్టిచ్చినోడు ఈ రాఘవేంద్ర. కొట్టిచ్చిన పొద్దు వాణ్ణి నెత్తిన పెట్టుకున్యది ఆ పార్టీ. ఈ పొద్దు పెట్టుకుంటాండేది మా పార్టీ. ఇద్దరికీ నా ఓటు లేదు."

సాయంత్రం హేమ ఫోన్లో చూపించింది. ఒక చానల్లో మొదటి మాట ఉంది, తక్కినది లేదు. ఇంకో చానల్లో "కొట్టిచ్చిన పొద్దు వాణ్ణి నెత్తిన పెట్టుకున్యది ఆ పార్టీ" అన్న ముక్క ఒక్కటే ఉంది. చివరి మాట ఎవరూ వేయలేదు. ఒక ఆడమనిషి మాటను రెండుగా నరికి, ఎవరి ముక్క వాళ్లు పట్టుకుపోయారు.

మూడోనాడు పొద్దున వాకిట్లో పేడనీళ్లు చల్లుతుంటే వీధి చివర మైకు మోగింది. జయరాముడి ప్రచారపు ఆటో. దాంట్లోంచి వస్తున్నది తన గొంతే. "నా చెట్లు కొట్టిచ్చినోడు ఈ రాఘవేంద్ర." ఆగి, ఒక పాట. మళ్లీ అదే మాట.

బయమ్మ చేతిలో బకెట్టుతోనే పోయి ఆటోకు అడ్డం నిలబడింది.

"ఆపుప్పా దాన్ని."

"నాదేముందమ్మా, తిప్పమన్నారు, తిప్పుతాండా" అన్నాడు డ్రైవరు.

"ఆ గొంతు ఎవురిదో తెలుసునా నీకు?"

అతను ఆమెను పైకీ కిందికీ చూశాడు. గుర్తుపట్టాడు. పాట ఆపేశాడు. బయమ్మ బకెట్టు కింద పెట్టి, సీటు మీదున్న మైకు అందుకుంది. పుల్లన్న పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"లోపలికి రావే. ఈళ్లతోనూ చెడి, ఆళ్లతోనూ చెడి, రేపు మనకు ఎవురుంటారు?"

"ఇన్నాళ్లూ ఉండి ఏం పీకినారు?" అంది. మైకు ఆన్‌లోనే ఉంది. వీధంతా వినబడింది. వాకిళ్లలోకి మనుషులు వచ్చారు.

అప్పుడు మొదటినుంచీ చెప్పింది. రాఘవేంద్ర పేరు, జీపులో ముందు సీట్లో కూర్చున్న జయరాముడి పేరు, యార్డు కోసం సంతకం పెట్టిన హనుమంతప్ప పేరు, ఒక్కటీ వదల్లేదు. ఈసారి ఏడుపు రాలేదు. ఇద్దరికీ నా ఓటు లేదన్న మాట రెండుసార్లు చెప్పింది, ఒకసారి వినబడకపోతే ఇంకోసారి వినబడుతుందని. ఎదురింటి రామాంజినమ్మ అరుగు మీదినుంచి "నాదీ లేదని చెప్పక్కా" అని అరిచింది. అదీ చెప్పింది.

డ్రైవరు జేబులో ఫోను మోగింది. తీసి చూసి, "జయరామన్న మనుషులమ్మా" అన్నాడు బిక్కమొహంతో.

బయమ్మ ఆటోలోకి ఎక్కి కూర్చుంది.

"మోగనీ. పొద్దున్నించి యాయా వీధులు తిప్పినావో అన్ని వీధులకూ పోనీ" అంది.