మంచు కాదు, గడ్డకట్టే వాన

మా నాన్నకు ఫోనులో ఈ కబురు చెబుతుంటే రైలు పెట్టెలో సగం మంది నావైపే చూశారు. చూడనీ అనుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మొదట నేనే. నాన్న ఇక్కడే, సింగపూర్ షిప్‌యార్డులో వెల్డరు. కార్మికుల డార్మిటరీలో ఆయన గది వాళ్లు నన్ను ఏడిపించేవాళ్లు.

"సింగపూర్లో వాన సెప్పడానికి సదువెందుకమ్మా? మద్దేన్నమైతే అదే పడతాది."

నేను చెప్పేది ఇక్కడి వాన కాదు. మా ఆఫీసు బయటి దేశాల రవాణా కంపెనీలకు వాతావరణ సూచనలు రాస్తుంది. ఈ మార్చిలో నాకు జపాన్ కొండల మధ్య ఉన్న ఒక లారీ డిపోకు సూచన రాసే పని వచ్చింది. చలికాలం అయిపోతుండగా తుపాను బయల్దేరింది. కంప్యూటర్ మోడల్స్ అన్నీ మంచు అన్నాయి. నాకలా అనిపించలేదు. పైన వెచ్చటి గాలి పొర ఉంది, మంచు అందులో కరిగి వానవుతుంది. కింద లోయలో చల్లగాలి కదలకుండా ఉంది, ఆ వాన రోడ్డుకు తగలగానే గడ్డకడుతుంది. మంచైతే తోసేయొచ్చు. గాజులాంటి ఆ గడ్డ మీద లారీ నిలవదు.

నా ప్రొబేషన్ మా సీనియర్ చేతిలో ఉంది. ఆయనది హైదరాబాద్.

"నువ్వసలు మంచు చూసినవా?"

"లేదు సర్."

"మరి స్నో అని రాసెయ్. తప్పైతే మోడల్ మీదికి పోతది. ఫ్రీజింగ్ రెయిన్ అని తప్పైతే నీ జాబ్ పోతది."

"ఇక్కడ తుపానే రాదు కదా సర్. మీరు ఇన్నేళ్లూ ఏ తుపాను చూసి రాశారు?"

ఆయన తన కీబోర్డు వైపు తిరిగాడు. "నీ పేరు పెట్టుకో. నాది వద్దు."

ముందు కాస్త మంచు, తర్వాత మంచు గుళికలు, ఆపైన గడ్డకట్టే వాన, లారీలు కదపొద్దు అని నా పేరుతో పంపాను.

మర్నాడు పొద్దున అక్కడ మంచు మొదలైంది. సీనియర్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"చూసినవా, స్నోనే. ఇప్పుడన్నా మార్చెయ్."

"మార్చను సర్. ఇది మొదటి భాగమే."

నేను స్క్రీన్ ముందు నుంచి లేవలేదు. మధ్యాహ్నానికి మంచు గుళికలు పడ్డాయి. ఆ తర్వాత డిపో నుంచి ఫొటో వచ్చింది: కరెంటు తీగలకు, అద్దాలకు, గేటుకు మందపాటి గాజు తొడుగు. లారీలన్నీ లోపలే ఉన్నాయి.

"లక్కీవి" అంటూనే నన్ను పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పెట్టాడు. "నెక్స్ట్ టైమ్ నన్నడిగి రాయి."

"అడుగుతాను సర్" అన్నాను. "రాసేది మాత్రం నాకు కనబడిందే."