వానడవిలో ఉప్పు పొట్లం

అరబ్బు దేశంలో, రుమైథియా అనే పేటలో ఇంటిపనికి కుదిరిన మూడో ఏడు, ఎనభైల మొదట్లో, మామా వాళ్లు మలేషియా వెళ్తూ వాళ్ల పాపను చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్లారు. మామా అంటే మా యజమానురాలు. తిరిగొచ్చాక ఊరికి సెలవిస్తానని మాటిచ్చింది. నా కూతురికి అప్పుడు ఐదేళ్లు, రాయచోటిలో మా అక్క దగ్గర ఉండేది. వస్తున్నానని క్యాసెట్‌లో చెప్పి పంపేశాను కూడా. తొందర నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

బయల్దేరే ముందు పక్కింట్లో పనిచేసే మా ఊరామె గోడ దగ్గర ఆపింది.

"పనంతా సూపిచ్చద్దు మే. సగమే సూపిచ్చు. నువ్వు లేకుంటే జరగదని తెలిస్తే ఇంగ సెలవియ్యరు."

అక్కడి మా ఆడవాళ్లందరికీ తెలిసిన సూత్రమే అది. సరేనన్నాను.

అడవికి పడవలో తీసుకెళ్లారు. మనుషులు పుట్టకముందు నుంచీ ఉందట. ఉంటే ఉండనీ, నాకు మాత్రం నచ్చలేదు. తలెత్తితే ఆకాశం కనపడదు, చెమట ఆరదు. ఎండల్లో బతికినదాన్ని, తడిగుడ్డ మూతికి కట్టినట్టు ఊపిరాడలేదు. రుమైథియాలోనైతే గేటుకు తాళం వేస్తారు. ఇక్కడ తాళమే అక్కర్లేదు. నా పాస్‌పోర్టు మా యజమాని భుజాన వేలాడే తోలుసంచిలో ఉంది. నేను ఆ సంచి వెనకాలే నడిచాను.

పొద్దుటి నుంచీ మొద్దులా ఉన్నాను. పాప బూట్ల తాడు మామానే కట్టింది. ఫ్లాస్కు మూత సరిగా పెట్టలేదని తిట్టింది. ఆ తిట్టుకు లోపల ఎంత సంతోషించానో.

అంతలో పాప పిక్కకు జలగ పట్టింది. మామా కెవ్వుమంది. యజమాని వేళ్లతో లాగబోయాడు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది, అచ్చం నా కూతురిలాగే. ఇక ఆగలేకపోయాను. చిన్నప్పుడు గేదెలకు పట్టిన జలగలను వదిలించినదాన్ని నేను. పొద్దున గుడ్లతో ఇచ్చిన ఉప్పు, పొట్లంగా నా చున్నీ కొంగున ఉంది. చిటికెడు చల్లాను. జలగ రాలిపోయింది. పాప నా చంకెక్కి పడవ దాకా దిగలేదు, తల్లి పిలిచినా పోలేదు.

పడవలో మామా నా చెయ్యి పట్టుకుంది. అరబ్బీలో మెల్లగా, ప్రేమగా అంది.

"ఖలాస్, ఇంక అంతే. ఈ ఏడు నువ్వెక్కడికీ పోవద్దు. నువ్వు లేకపోతే పాప ఉండదు."

"నాకూ పాప ఉంది మామా" అన్నాను.

"వచ్చే ఏడు చూద్దాం" అంది. మెచ్చుకుంటూ చెప్పినదానికి ఎదురు చెప్పడం నాకు రాలేదు. ఆమె మీద కంటే నా చేతుల మీదే ఎక్కువ కోపమొచ్చింది.

రుమైథియాకు తిరిగొచ్చాక కొత్త క్యాసెట్ పెట్టి కూర్చున్నాను. పెద్ద పెద్ద చెట్లు చూశానని కూతురికి చెప్పాను, పడవ గురించి చెప్పాను, జలగ గురించి నవ్వొచ్చేలా చెప్పాను. ఒక పక్క మొత్తం అడవితోనే నింపేశాను. రావడం లేదన్న మాట రెండో పక్కన చెబుదామనుకున్నాను. క్యాసెట్ తిప్పి పెట్టేసరికి పాప నిద్రలేచి నా కోసం ఏడ్చింది. రెండో పక్క ఖాళీగానే పంపాను.